ఇలకూర తిని బతికిన రోజులు

పోయిన వారం చిక్కడపల్లి మార్కెట్లో గంగవాయిలి కూర తీసుకుంటుంటే, నాతో వచ్చిన అత్తయ్య "ఇలకూర ఎప్పుడైనా తెస్తావా అమ్మా?" అని ఆకుకూరలమ్మే ఆమెని అడిగారు. "గట్లాంటి కూర ఎన్నడూ వినలే అమ్మా" అంది ఆమె. నిజం చెప్పొద్దూ, నేనూ వినలేదు. అత్తయ్యది కాకినాడ వైపు సముద్రం ఒడ్డు ఊరు. చిన్నప్పుడు ఉప్పుటేరు గట్ల మీద ఒళ్లో కోసుకుని తెచ్చేవారట. ఆకు సన్నగా, గుండ్రంగా, నీళ్లు నిండి ఉంటుంది, నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉంటుంది. ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, పప్పులో వేసేవారట. ఉప్పు మాత్రం రుచి చూశాకే.

ఇంటికొచ్చి దీని సంగతి వెతికితే ఎక్కడ తేలిందంటే, 230 ఏళ్ల కిందటి కరువులో.

1781 నుంచి 1793 దాకా మన సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరు ఉండేవాడు. కంపెనీ ఉద్యోగి, మొక్కల పిచ్చి. కోరమాండల్ తీరంలో దొరికిన ఎన్నో మొక్కలకి బొమ్మలు గీయించి, తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఇలకూర గురించి రాస్తూ, సముద్రం దగ్గర ఉండే అన్ని వర్గాల వాళ్లూ దీన్ని తింటారని, 1791-93 కరువులో ఈ ఒక్క ఆకే వేల ప్రాణాలు కాపాడిందని జనం చెప్పుకుంటారని నమోదు చేశాడు. మొక్క దొరికినన్నాళ్లూ ఒడ్డున ఉండే పేదలకి ఇది తప్ప తినడానికి పెద్దగా ఏమీ లేదట. ఆ ఏళ్ల కరువు మన హైదరాబాద్ రాజ్యాన్నీ వదల్లేదు. శవాలని పూడ్చే దిక్కు లేక ఎముకలు అలాగే పడి ఉన్నాయని, దక్కన్లో దాన్ని పుర్రెల కరువు అన్నారు.

ఆయన రాసిందాంట్లో నన్ను ఆపేసిన మాట ఇంకొకటుంది. ఆ ఉప్పు నేలల్లో ఇలాంటి మొక్కలు చాలా రకాలున్నా, తినేది ఈ ఒక్కదాన్నేనట. చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఏది కోయాలో, ఏది వదలాలో తెలిసిన చేయి ఒకటి ఉండి ఉండాలి కదా! ఆ చేయి ఎవరిదో పుస్తకంలో లేదు. కూర ఏరుకొచ్చేది ఎవరో మనకి వేరే చెప్పాలా?

ఆయనకి మాత్రం ఈ ఉప్పు మొక్కల బూడిద మీద కూడా కన్ను పడింది. దాంట్లో సోడా ఉంటుంది. ఈ తీరం మొక్కలతో లోకానికంతా సరిపడా సబ్బూ గాజూ చేసుకోవచ్చని లెక్క వేశాడు!

మన గంగవాయిలికీ ఇలకూరకీ దగ్గర చుట్టరికం లేదు కానీ, అదే దళసరి ఆకు, అదే నీళ్లదనం. సంస్కృతంలో దాన్ని లోణిక అంటారు, లవణం నుంచి వచ్చిన పేరే. భావప్రకాశంలో శాకాల మధ్య చోటుంది. యునానీ హకీములు ఖుర్ఫా అని, చలవ చేస్తుందని, గింజలు దాహానికీ మూత్రం మంటకీ ఇస్తారు. అరబ్బీలో దానికి "తెలివితక్కువ కూర" అనే పేరూ ఉంది, మనుషులు నడిచే దారిలోనే మొలుస్తుందని! పాతబస్తీలో కుల్ఫా అని మాంసంతో వండుతారు, మనం పప్పులో వేస్తాం. దానికి ఇన్ని వంటిళ్లు దొరికాయి. ఇలకూరకి ఒక్క ఒడ్డే దొరికింది.

అయ్యో, మనమూ తినాలి అనుకునే ముందు ఒక మాట. ఇలకూరలో ఉప్పు ఎక్కువ, బీపీ, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు జోలికి వెళ్లొద్దు. గంగవాయిలిలో ఆక్సలేట్లు ఉంటాయి, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు తగ్గించుకోవాలి.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చూపిస్తారా అని అత్తయ్యని అడిగాను. ఆ గట్లు చాలామటుకు రొయ్యల చెరువులైపోయాయట. "మిగిలిన చోట వెతుకుదాంలే. కానీ అన్నీ ఒకలాగే ఉంటాయమ్మా. కోసి అరవై ఏళ్లయింది, గుర్తుపడతానో లేదో" అన్నారు.