ఏం పని చేస్తవమ్మా?

ఆమెకు జ్వరం ఎప్పుడూ చీకటి పడ్డాకే వచ్చేది. పొద్దున ఆటో మీద చెత్త ఏరినంతసేపూ బాగానే ఉండేది. ఇంటికొచ్చి, స్నానం చేసి, పొయ్యి ముట్టించేసరికి ఒళ్లునొప్పులు, వణుకు, పొడిదగ్గు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయేది. "వానల తడిసిన గదా" అనుకుని, మందుల షాపువాడిచ్చిన గోలీ మింగి మళ్లీ ఆటో ఎక్కేది.

ఆమె ఒక్క మనిషి కాదు. హైదరాబాద్‌లో స్వచ్ఛ ఆటోల మీద మొగుడు బండి నడుపుతుంటే వెనక నిలబడి చెత్త వేరుచేసే ఆడవాళ్ల బతుకుల్లోంచి కూర్చిన పాత్ర. జబ్బు మాత్రం కల్పన కాదు.

2015లో ఆ ఆటోలు రోడ్డెక్కినప్పుడు తడిచెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడిచెత్తకు నీలం డబ్బా పంచారు. ఇప్పుడు చాలా ఇళ్లలో వాటిలో నీళ్లో బియ్యమో ఉంటాయి. చెత్త మాత్రం కలగలిపి ఒకే కవర్లో.

సోమవారం కవర్లంటే ఆమెకు భయం. ఆదివారం బండి రాదు. శనివారం రాత్రి ముడేసి బాల్కనీలో పడేసిన కవర్లో బిర్యానీ మెతుకులు, బొక్కలు, పిల్లల డైపరు, వాటి మధ్య ఆమెకు నాలుగు పైసలు తెచ్చే నీళ్ల సీసా. ముడి చింపగానే వెచ్చటి ఆవిరి మొహాన కొడుతుంది. బ్రెడ్డు ముక్క మీది బూజు పొగలా లేస్తుంది. మాస్కు ఉంది, గడ్డం కింద. మూటలెత్తే మనిషికి గుడ్డ మాస్కు కాసేపట్లోనే చెమటకు తడిసి ముక్కుకు అతుక్కుంటుంది. సరిగ్గా కట్టుకున్నా అంత సన్నటి ధూళిని గుడ్డ ఆపలేదు. మాస్కులు, చేతి తొడుగులు ఇప్పించాలని 2016 ఘనవ్యర్థాల నియమాలే చెప్పాయి. ఎలాంటి మాస్కన్నదే అసలు సంగతి.

బతుకమ్మకు ఊరికి పోయి పది రోజులుంది. దగ్గు మాయమైంది. తిరిగొచ్చి పనెక్కిన రోజు రాత్రి మాత్రం వణుకుతో మంచం పట్టింది. ఛాతీలో పిల్లికూతలు. సర్కారు దవాఖానలో కళ్లె పరీక్ష చేశారు. టీబీ లేదన్నారు, సిరప్ రాసి పంపించారు. రెండోసారి వెళ్తే చిన్న వయసు డాక్టరమ్మ దొరికింది.

"ఏం పని చేస్తవమ్మా?"

"చెత్తబండి మీద, మేడం."

"ఊరికి పోయినప్పుడు దమ్ము వచ్చిందా?"

"లేదు మేడం. ఊర్ల మంచిగనే ఉంటి."

సగం రోగ నిర్ధారణ అక్కడే అయిపోయింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్నకు మూడొందల ఏళ్ల పైన వయసుంది. ఇటలీలోని మోడెనాలో బెర్నార్దినో రామజ్జీని అనే వైద్యుడి ఇంట్లో మలగుంట తోడుతున్న మనిషి ఆదరాబాదరాగా పని చేస్తుంటే, ఎందుకంత తొందరని ఆయన అడిగాడు. ఎక్కువసేపుంటే కళ్లు పోతాయన్నాడతను. ఆ మాటే 1700లో పనివాళ్ల జబ్బుల మీద పుస్తకానికి దారితీసింది. రోగిని వృత్తేమిటో కూడా అడగాలన్నాడు రామజ్జీని. మన ఓపీ చీటీల మీద ఆ వివరం రాసి ఉండగా నేను చూసింది అరుదు.

కుళ్లే చెత్త వేడెక్కుతుంది. ఆ వేడికి ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజులు పెరుగుతాయి. చచ్చిన బాక్టీరియా పైపొరల్లోని ఎండోటాక్సిన్ అనే విషం ధూళిలో కలుస్తుంది. అది ఊపిరితిత్తులకు చేరాక జ్వరం రావడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే పొద్దుటి కవరుకూ రాత్రి వణుకుకూ ముడిపెట్టాలని ఎవరికీ తోచదు, ఫ్లూ అనుకుంటారు. కొన్నాళ్లు పనికి దూరమై తిరిగి చేరితే మరీ తీవ్రం. ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఆస్తమా, దీర్ఘకాల బ్రాంకైటిస్. 1980ల చివర డెన్మార్క్‌లో కొత్తగా తెరిచిన ఒక చెత్త వేరుచేసే కేంద్రంలో 15 మంది పనిచేస్తే, 8 నెలల్లో 8 మందికి ఆస్తమా వచ్చింది.

డాక్టరమ్మ రెండు ఇన్‌హేలర్లు రాసింది. ఒకటి రోజూ, ఒకటి ఆయాసం వచ్చినప్పుడు. ఏరే పని మానెయ్యమంది.

"అట్టలు, సీసాలు అమ్మకుంటే ఆటో కిస్తీ ఎట్ల కడ్తం మేడం?"

రోజూ వాడాల్సింది ఇంట్లో అలాగే ఉంది. వెంటనే దమ్ము తగ్గించేదే ఆమె వాడుతోంది. నెల తిరిగాక రమ్మన్నారు గానీ, ఓపీ పొద్దున తొమ్మిదికి తెరిచి మధ్యాహ్నానికి మూస్తారు. ఆ వేళకు ఆటోకు ఇంకా రెండు గల్లీలు మిగిలే ఉంటాయి.