ఫుట్‌పాత్ మీది బతుకు, మన సంతకం

ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళను తీయించమని వార్డు ఆఫీసుకు అర్జీ పెడదామని మనలో కొందరు అంటున్నారు. సంతకాలు పెట్టే ముందు ఈ ఊరి చరిత్ర కొంచెం గుర్తు చేసుకుందాం.

కామాఠీపురా అనే పేరు మన వాళ్ళ వల్ల వచ్చిందే. నిజాం రాజ్యం నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి బొంబాయి ఇళ్ళకూ రోడ్లకూ రాళ్ళు మోసిన తెలుగు కూలీలనే ఇక్కడి వాళ్ళు కామాఠీలు అన్నారు. ఊరు కట్టినవాడికి ఊళ్ళో ముందే ఇల్లు సిద్ధంగా ఉండదు. పని దొరికిన చోటే పడక. ఇది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక చట్టం సంగతి. బొంబాయి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 1888 నాటిది. వీధిలో అనుమతి లేకుండా కట్టడాలు లేపకూడదని 312వ సెక్షను, స్టాలు, కుర్చీ, బల్ల, పెట్టె, నిచ్చెన, బేలు లాంటివి పెట్టకూడదని 313వ సెక్షను చెప్తాయి. వాటిని నోటీసు ఇవ్వకుండానే తీసేయొచ్చని 314 చెప్తుంది. మాటల్లో చూస్తే అందరికీ ఒకటే రూలు. దుకాణం ముందు వేసిన బల్లకూ అదే, టార్పాలిన్ గుడిసెకూ అదే. కానీ బల్ల వెనక దుకాణం ఉంటుంది, లైసెన్సు ఉంటుంది, ఫోను చేస్తే పలికేవాళ్ళు ఉంటారు. గుడిసె వెనక గోడ తప్ప ఏమీ ఉండదు.

1981 జూలై 13న అప్పటి ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే, ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్ళను ఖాళీ చేయించి సొంతూళ్ళకు పంపేస్తామని ప్రకటించారు. నడి వానాకాలం. అలా పంపినవాళ్ళలో ఒకాయన కథ సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. సేలంలో భూమి లేని కూలీ. కరువుకు పని పోయి 1961లో బొంబాయి వచ్చాడు. వెస్టర్న్ ఎక్స్‌ప్రెస్ హైవే పక్కన ప్లాస్టిక్ షీట్ల నీడ కోసం ఒక దాదాకు 2,500 రూపాయలు కట్టాడు. కూలి రోజుకు 23 రూపాయలు. జూలై 23న గుడిసె కూల్చి, కుటుంబంతో సహా సేలం బస్సు ఎక్కించారు. భార్యనూ కూతుళ్ళనూ అక్కడే వదిలి ఆయన పని కోసం తిరిగొచ్చాడు, మళ్ళీ ఫుట్‌పాత్ మీదికే. సొంతూళ్ళో పని లేనివాణ్ణి సొంతూరికి పంపితే ఇంతకంటే ఏమవుతుంది?

జర్నలిస్టు ఓల్గా టెల్లిస్, మరికొందరు వేసిన ఆ కేసులో 1985 జూలై 10న తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ ధర్మాసనం, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. నోటీసు లేకుండా తీసేయడం అధికారికి ఇచ్చిన వీలే గానీ, అలాగే తీరాలన్న ఆజ్ఞ కాదంది. అయినా 314ను కొట్టేయలేదు. అక్టోబర్ 31 వరకు, అంటే వానలు వెళ్ళేదాకా ఆగమంది. 1976 లెక్కల్లో నమోదై కార్డు అందుకున్నవాళ్ళకు వేరే చోటు చూపాలంది. కార్డు లేనివాడికి ఆ హామీ లేదు. పేదవాడిలోనూ కాగితం ఉన్న పేదవాడు వేరు, లేనివాడు వేరు అయిపోయాడు.

ఇంకో చట్టం ఉంది. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం. చెయ్యి చాచడమే కాదు, వీధిలో పాడటం, ఆడటం, జోస్యం చెప్పడం కూడా అందులో భిక్షాటన కిందికే వస్తాయి. బతుకుతెరువు కనిపించకుండా బహిరంగ స్థలంలో తిరుగుతున్నా చాలు, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా నిర్బంధం. ఎద్దును ఆడించుకుంటూ మహారాష్ట్ర ఊళ్ళు తిరిగిన తిరుమలి నందీవాలాలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళ కులవృత్తి ఈ చట్టం కంటికి నేరం. ఇదే చట్టం ఢిల్లీలోనూ అమలైంది. 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు అందులోని ముఖ్యమైన సెక్షన్లను అక్కడికి కొట్టేసింది. మన రాష్ట్రంలో చట్టం నిలిచే ఉంది.

ఫుట్‌పాత్ నడిచేవాళ్ళది, నిజమే. ముసలివాళ్ళు రోడ్డు మీదికి దిగి నడవాల్సి రావడం మంచిది కాదు. కానీ పండగ మండపం మనం వేసినప్పుడు అనుమతి దొరుకుతుంది, రెండు రోజులు ఆలస్యంగా విప్పితే ఎవరూ ఏమీ అనరు. అక్కడ పడుకున్నవాడి గిన్నెలూ దుప్పటీ మాత్రం తెల్లవారేసరికి లారీలో ఉంటాయి. రూలు తప్పని మనం అనడం లేదు. అది ఎవరి మీద పడుతోంది, ఎవరిని దాటి పోతోంది అనేదే ప్రశ్న.

అందుకే మన మాట ఇది. అర్జీ పెట్టాల్సిందే అయితే అందులో మూడు మాటలు రాద్దాం: ముందు నోటీసు ఇవ్వాలి, వానాకాలంలో తీయకూడదు, నైట్ షెల్టర్‌లో చోటు చూపాకే తీయాలి. రెండోది, నాకా మీద పనికి నిలబడే మన తెలుగు కూలీలకు ఆధార్, రేషన్ కాగితాలు రాసిపెట్టడానికి సంఘం ఆఫీసులో ఆదివారం ఒక పూట బల్ల వేద్దాం. 1985లో చోటు దక్కేదీ లేనిదీ తేల్చింది కార్డే. ఆ కార్డు చేతికి అందేలా చేయడం మన చేతిలో పనే.

ఒప్పుకునేవాళ్ళూ ఒప్పుకోనివాళ్ళూ ఇద్దరూ వచ్చే మీటింగుకు రండి. సంతకాలు అక్కడ పెడదాం.