సంతకు దారి ఎవరిది?

భారతదేశంలో ఇంటర్నెట్, వ్యాపారం: మూడు దశాబ్దాల పరిశీలన

2007 అక్టోబరు. మహబూబ్‌నగర్‌లో ఉండే ఒక పాఠకుడికి జాన్ వుడ్ రాసిన ‘లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ద వరల్డ్’ అనే పుస్తకం కావలసివచ్చింది. బెంగళూరులో ఇద్దరు కుర్రాళ్లు అప్పుడే తెరిచిన ఒక వెబ్‌సైటులో ఆర్డరు పెట్టాడు. తీరా చూస్తే ఆ ఇద్దరి దగ్గరా పుస్తకం లేదు. నగరంలోని పుస్తకాల షాపులు వెదికి, ఒక ప్రతి సంపాదించి పంపించారు. ఆ సైటు పేరు ఫ్లిప్‌కార్ట్. ఆ మహబూబ్‌నగర్ పాఠకుడిదే వాళ్ల బోణీ. పదకొండేళ్లు తిరిగేసరికి, 2018లో, ఆ కంపెనీలో 77 శాతం వాటాను వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

ఈ రెండు బేరాల మధ్య కాలంలో మన దేశంలో వ్యాపారం చేసే తీరే మారిపోయింది. అయితే సరుకు అదే, కొనేవాడి అవసరమూ అదే. ఆ రెండింటినీ కలిపే దారి మారింది. పూర్వం సంతకు పోయే బాట మీద సుంకం కట్టించుకునేవారు. ఆ బాట ఎవరి చేతిలో ఉంటే లాభంలో మొదటి పిడికెడు వాళ్లదే. ఇంటర్నెట్ చరిత్రనూ నేను అలాగే చదువుతాను. దారి ఎవరు వేశారు? ఎవరిని రానిచ్చారు? సుంకం ఎవరి గల్లాపెట్టెలో పడింది?

సుంకం లేని బాట

ఈ దారి వేసింది వ్యాపారులు కాదు. అమెరికా రక్షణశాఖ డబ్బుతో నిర్మించిన ఆర్పానెట్ మీద 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలోని రెండు కంప్యూటర్లు మొదటిసారి మాట్లాడుకున్నాయి. ‘లాగిన్’ అనే మాట పంపబోతే మొదటి రెండు అక్షరాలు చేరేసరికే యంత్రం ఆగిపోయింది. 1983 జనవరి 1 నుంచి ఆ నెట్‌వర్కు అంతా టీసీపీ/ఐపీ అనే ఉమ్మడి పద్ధతికి మారింది. ఎవరి కంప్యూటరైనా ఎవరి కంప్యూటరుతోనైనా మాట్లాడే వీలు దానితో కలిగింది. ఆ తర్వాత చాలాకాలం ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రధాన లైన్ల మీద వ్యాపారానికి అనుమతే లేదు. పరిశోధకులకు, విశ్వవిద్యాలయాలకు మాత్రమే ప్రవేశం.

1993లో రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. అప్పటికి సమాచారం వెదుక్కోవడానికి మిన్నెసోటా విశ్వవిద్యాలయం తయారుచేసిన ‘గోఫర్’ బాగా వాడుకలో ఉండేది. ఆ ఏడాది ఫిబ్రవరిలో, తమ గోఫర్ సర్వరు వాడుకునేవారి నుంచి లైసెన్సు రుసుము తీసుకుంటామని విశ్వవిద్యాలయం ప్రకటించింది. ఏప్రిల్ 30న స్విట్జర్లాండులోని సెర్న్ సంస్థ, తమ దగ్గర టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన వరల్డ్ వైడ్ వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. జనం సుంకం లేని బాటనే పట్టారు. గోఫర్ కొన్నేళ్లలోనే కనుమరుగైంది. 1995లో అమెరికా ప్రభుత్వం తన ప్రధాన లైన్లను మూసి ప్రైవేటు కంపెనీలకు దారి వదిలింది. ఆ ఏడాదే అమెజాన్, ఈబే అమ్మకాలు మొదలుపెట్టాయి.

గంటకు అరవై రూపాయలు

అదే 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్, అంటే వీఎస్‌ఎన్‌ఎల్, మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి తెచ్చింది. విద్యాసంస్థలకు ఎర్నెట్ అంతకుముందే ఉంది. సామాన్యులకు అనడమే గానీ బొమ్మలు కనిపించే కనెక్షనుకు 250 గంటలకు 15,000 రూపాయలు కట్టాలి. గంటకు అరవై అన్నమాట, ఫోను బిల్లు అదనం. వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. ఇవాళ మనం ఫోనుతో తీసే మూడు ఎంబీల ఫొటో ఆ లైను మీద రావాలంటే ముప్పావుగంట పట్టేది.

1998 నవంబరులో ఈ రంగంలోకి ప్రైవేటు సంస్థలను అనుమతించారు. వీధివీధినా నెట్ సెంటర్లు వెలిశాయి. అప్పటిదాకా ఎస్టీడీ బూత్ నడిపినవాళ్లే చాలాచోట్ల నాలుగు కంప్యూటర్లు పెట్టి ప్లైవుడ్ అరలు కట్టించారు. మోడెం కీచుమని, గరగరమని, ఒక్క క్షణం ఆగి లైను కలిసేది. ఎంసెట్ ఫలితాల రోజున ఆ అరల ముందు హాల్ టికెట్టు నంబర్లు పట్టుకుని నిలబడ్డ వరసలు నాకింకా కళ్లకు కట్టినట్టున్నాయి. తెలుగు మధ్యతరగతి ఇంటర్నెట్‌కు డబ్బులిచ్చి పని చేయించుకోవడం నేర్చుకున్నది ఆ అరల్లోనే.

హైదరాబాదు రాత్రిపూట పని

మన వ్యాపారాన్ని ఇంటర్నెట్ మొదట తాకింది దుకాణాల్లో కాదు, ఎగుమతిలో. 1991లో ఏర్పాటైన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు ఉపగ్రహ లైన్లు ఇచ్చాయి. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2000 సంవత్సరం పుడుతూనే పాత కంప్యూటర్లు తేదీలు తప్పు లెక్కపెడతాయన్న వైటూకే భయం తెలుగు ఇంజనీర్లకు వేలల్లో పని తెచ్చింది. అమెరికాలో డాక్టరు సాయంత్రం రికార్డు చేసిన మాటలను హైదరాబాదులో అమ్మాయిలు, అబ్బాయిలు టైపు చేసి వాళ్లకు తెల్లవారేసరికి పంపించేవారు. ఓడ ఎక్కకుండా, కస్టమ్స్ దాటకుండా పనే సరుకై వెళ్లిపోయింది.

ఆ ఊపులోనే బుడగ కూడా ఉబ్బింది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 1999 అక్టోబరులో నాస్‌డాక్‌కు వెళ్లింది. మరుసటి నెలలోనే రాజేష్ జైన్ స్థాపించిన ఇండియావరల్డ్‌ను 499 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించింది. 2000 మార్చి 10న 5,048 దగ్గర ముగిసిన నాస్‌డాక్ సూచీ 2002 అక్టోబరుకు దాదాపు 78 శాతం పడిపోయింది. అమెరికాలో ఉద్యోగాలు పోయి సూట్‌కేసులతో తిరిగొచ్చిన పిల్లలను అప్పట్లో ప్రతి ఊరూ చూసింది. లాభమెక్కడ వస్తుందో తెలియకుండా జనం గుంపును చూసి వెల కట్టినందుకు అది శాస్తి.

పతనం తర్వాత నిలిచినవి నిజమైన చిక్కు విప్పినవే. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ రైలు టికెట్లను నెట్‌లో అమ్మడం మొదలుపెట్టింది. మొదట్లో తెర మీద డబ్బు కడితే కాగితం టికెట్టు కొరియర్లో ఇంటికొచ్చేది. అయినా తెల్లవారుజామున రిజర్వేషన్ కౌంటరు దగ్గర వరసలో నిలబడే బాధ తప్పిందని జనం సంతోషించారు.

బస్సు సీటు చార్టు

ఇంటర్నెట్ ఒక వ్యాపారాన్ని లోపలినుంచి ఎలా మార్చిందో చూడాలంటే ప్రైవేటు బస్సులను మించిన ఉదాహరణ లేదు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాదు రావాలనుకున్న ఫణీంద్ర సామా అనే ఇంజనీరుకు టికెట్టు దొరకలేదు. ఒక ఏజెంటును అడిగితే లేదు, ఇంకో ఏజెంటును అడిగినా లేదు. నిజంగా బస్సులన్నీ నిండిపోయాయా, ఈ ఏజెంట్లకు తెలిసిన బస్సులు మాత్రమే నిండాయా? అది చెప్పగలవాడు ఎవరూ లేరు.

అప్పటి పద్ధతి గుర్తుందా? ట్రావెల్స్ ఆఫీసులో ఒక అట్ట మీద బస్సు గీతలు గీసిన చార్టు ఉండేది. హైదరాబాదు లక్డీకాపూల్‌లో ఏజెంటు ఫోన్ చేస్తే ఆఫీసులో మనిషి పెన్సిలుతో సీటు మీద గీత కొట్టేవాడు. ఆ చార్టు ఆ ఒక్క గదిలోనే ఉండేది కాబట్టి, ఎక్కడ ఎన్ని సీట్లు ఉన్నాయో ఫోనులో అవతలివాడు చెప్పినంతే తెలిసేది. తిరుగు టికెట్టు కావాలంటే ఆ ఊరు వెళ్లి అక్కడే కొనుక్కోవాలి. పండగొస్తే ఏజెంటు నోటికి వచ్చిందే ధర. అటు బస్సేమో ఒక్కోసారి సగం ఖాళీగా పోయేది. రెండు వైపులా నష్టమే. సమాచారం నడుమ ఒకచోట ఆగిపోవడం దానికి కారణం.

ఫణీంద్ర సామా, చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టి ఆ అట్ట చార్టును తెర మీదకు తెచ్చారు. ప్రయాణికుడు కిటికీ సీటు తానే ఎంచుకున్నాడు, ఒంటరిగా వెళ్లే ఆడపిల్ల పక్కసీటు ఎవరిదో ముందే చూసుకుంది. నిజామాబాదు నుంచో నెల్లూరు నుంచో రెండు బస్సులు నడుపుకునే యజమానికి కూడా బెంగళూరు ప్రయాణికుడు కనబడ్డాడు. బస్సు ఆలస్యమైతే, ఏసీ పనిచేయకపోతే ఆ మాట తర్వాతి ప్రయాణికుడికి చేరింది. 2013లో ఐబిబో సంస్థ రెడ్‌బస్‌ను కొనుక్కుంది.

ఇక్కడే గమనించవలసింది ఉంది. ఏజెంటు పోలేదు, వేల చిన్న ఏజెంట్ల చోట ఒక పెద్ద ఏజెంటు వచ్చాడు. ఈ ఏజెంటు నిజాయితీగా సీట్లు చూపిస్తాడు, రాత్రి పన్నెండింటికీ మేలుకునే ఉంటాడు. అతని కమిషను మాత్రం బస్సు యజమాని కట్టాల్సిందే. దళారి లేని సంత వస్తుందన్న తొలినాళ్ల ఆశ ఈ విధంగా సగమే నెరవేరింది.

అరచేతిలో అంగడి

2014లో మన దేశంలో ఒక జీబీ డేటాకు సగటున 269 రూపాయలు పడేది. 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశం చేసింది. 2018 నాటికి ఆ ధర 12 రూపాయల లోపుకు దిగింది. కంప్యూటరు ఎన్నడూ ముట్టుకోని కోట్ల మంది ఏకంగా ఫోనుతోనే ఇంటర్నెట్‌లో అడుగుపెట్టారు.

జియో వచ్చిన 2016లోనే ఏప్రిల్ 11న నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ తయారుచేసిన యూపీఐని అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్ ఆవిష్కరించారు. నవంబరు 8న పెద్దనోట్ల రద్దు జనాన్ని అటువైపు తోసింది. యూపీఐలో గొప్పదనం ఏమిటంటే, ఏ బ్యాంకు ఖాతా నుంచైనా, ఏ యాప్ నుంచైనా, ఏ ఖాతాకైనా డబ్బు క్షణాల్లో చేరుతుంది. 2020 జనవరి నుంచి దుకాణదారు దీనిమీద రుసుము కట్టనక్కర్లేదు. 2023 ఆగస్టులో నెలకు 1,000 కోట్ల లావాదేవీలు దాటాయి. 2025 ఆగస్టులో 2,000 కోట్లు దాటాయి.

ఈ అంకెల అర్థం మా వీధి చివర కనిపిస్తుంది. అక్కడ తోపుడుబండి మీద ఆకుకూరలు అమ్మే ఒక పెద్దావిడ ఉంది. చదువు లేదు. తోటకూర కట్టల పక్కన చిన్న స్పీకరు పెట్టె, దాని ముందు క్యూఆర్ కోడ్ అట్ట. నీళ్లు చల్లేటప్పుడు తడవకుండా అట్టకు పాలిథిన్ కవరు తొడిగింది. ఎవరైనా స్కాన్ చేస్తే పెట్టె తెలుగులో ఇరవై రూపాయలు వచ్చాయని చెబుతుంది. ఆమె తలెత్తి చూడదు, కొత్తిమీర కట్ట కవరులో వేస్తుంది. ‘చిల్లర లేదమ్మా, రేపిస్తా’ అని పోయే అప్పులు తగ్గాయంటుంది. ముప్పై ఏళ్ల ఇంటర్నెట్‌లో చదువురాని వ్యాపారికి తన భాషలో, తన చెవికి, అమ్మకం మీద పైసా సుంకం లేకుండా అందిన మొదటి సౌకర్యం ఇదేనని నా నమ్మకం.

ఆత్రేయపురం పూతరేకులు, గోదావరి జిల్లాల ఇంటి పచ్చళ్లు ఇవాళ వాట్సాప్ ఆర్డర్ల మీద హైదరాబాదుకూ, అమెరికాలోని తెలుగు ఇళ్లకూ వెళుతున్నాయి. ఆవకాయ కలిపే చేతికీ తినే నోటికీ మధ్య ఇంత దగ్గరి దారి మునుపెన్నడూ లేదు.

కొత్త సుంకాలు

మరి దారి ఇంత దగ్గరైతే చిన్న వ్యాపారి ఎందుకు గాభరా పడుతున్నాడు? సంత మొత్తం రెండు మూడు గుమ్మాల్లోంచి నడుస్తున్నందుకు. తన సరుకు మొదటి పేజీలో కనబడుతుందా, నలభయ్యో పేజీలోనా అన్నది అతని చేతిలో లేదు. అమ్మేవేదికే తనకు దగ్గరివాళ్ల సరుకును ముందు పెడుతోందన్న ఆరోపణల మీద 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై విచారణకు ఆదేశించింది. హోటల్ యజమానుల ఫిర్యాదుపై 2022 ఏప్రిల్‌లో జొమాటో, స్విగ్గీలపై కూడా ఆదేశించింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందంటూ అదే ఏడాది అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసింది. ఎండలో, వానలో పార్సిలు మోసే కుర్రాడిని 2020 సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికుడిగా పేరుపెట్టి గుర్తించింది. ఆ గుర్తింపు అతని ఆసుపత్రి బిల్లు కట్టే స్థాయికి చేరాలి.

ఉమ్మడి దారి అయిన యూపీఐలో సైతం ఫోన్‌పే, గూగుల్ పే రెండింటి మీదుగానే దాదాపు ఐదింట నాలుగు వంతుల లావాదేవీలు నడుస్తున్నాయి. ఏ ఒక్క యాప్ వాటా 30 శాతం మించకూడదన్న నియమాన్ని 2020లోనే ప్రకటించినా, గడువును 2026 చివరిదాకా పొడిగించారు. అమ్మకాలకూ యూపీఐ లాంటి ఉమ్మడి బాట వేయాలని 2021 డిసెంబరులో ఓఎన్‌డీసీని స్థాపించారు. పెద్ద వేదికలకు దీటుగా నిలబడే రోజు దానికింకా రాలేదు.

అయినా ఆ ప్రయత్నం వదలకూడదు. 1993లో సెర్న్ సుంకం వద్దన్నందుకే వెబ్ ప్రపంచానిదైంది. 2020లో యూపీఐ మీద రుసుము తీసేసినందుకే ఆకుకూరల బండి దాకా వచ్చింది. దారి అందరిదిగా ఉన్న ప్రతిసారీ చిన్నవాడు బాగుపడ్డాడు, ఒకరి గుమ్మంగా మారిన ప్రతిసారీ అతని లాభం కరిగింది. ప్రభుత్వాలు రోడ్డు వేసినంత శ్రద్ధగా ఈ దారినీ ఉమ్మడి ఆస్తిగా కాపాడాలి. వ్యాపారులారా, ఎన్ని యాప్‌లలో అమ్మినా మీ ఖాతాదారుల చిరునామాలు, మీ లెక్కలు మీ పుస్తకంలోనే ఉంచుకోండి. కొనేవారు కూడా వారానికి ఒక్కసారైనా పచ్చడి పెట్టే ఆమెకే, చీర నేసే నేతగాడికే నేరుగా ఫోన్ చేసి కొనండి. నడిచేవాళ్లుంటేనే బాట నిలుస్తుంది.