దంతధావనము: పందుంపుల్ల నుండి నేటి బ్రష్షు వరకు

ఉదయమున లేచినవాడు చేయవలసిన మొదటి శుద్ధి దంతధావనము. స్నానమునకు ముందు, సంధ్యకు ముందు, దేవుని యెదుట దీపము వెలిగించుటకు ముందు నోరు శుభ్రము కావలెను. ఏ నోటితో భగవన్నామము పలుకుదుమో ఆ నోరు పరిశుద్ధముగా నుండవలెనని మన పెద్దల భావము. ఈ చిన్న ఆచారమునకు గొప్ప చరిత్ర కలదు. సముద్రము దాటి ఈ నేటాలు చెరకు సీమకు వచ్చిన మన కుటుంబములలో అది యెట్లు మారినదో, అందులో దేనిని నిలుపుకొనవలెనో, దేనిని విడువవలెనో పాఠక సోదరులతో కలిసి విచారింతుము.

సుశ్రుత సంహితలోని చికిత్సాస్థానమున 24వ అధ్యాయము పండ్లు తోముకొను విధమును తెలుపుచున్నది. పుల్ల 12 అంగుళముల పొడవు, చిటికెన వ్రేలంత లావు ఉండవలెను. ఇచట అంగుళమనగా వ్రేలి వెడల్పు. నేటి కొలబద్దలోని ఇంచి కాదు. పుల్ల వంకర లేక, ముడులు లేక, పచ్చిగా నుండవలెను. చేదు పుల్లలలో వేప, వగరు వానిలో చండ్ర, తీపి వానిలో ఇప్ప, కారపు వానిలో కానుగ శ్రేష్ఠమని అందు చెప్పబడినది. కొనను మెత్తని కుంచెగా చేసి, చిగుళ్ళకు నొప్పి కలుగకుండ ఒక్కొక్క పంటిని తోమవలెను. తేనె, నూనె, సైంధవ లవణము చేర్చిన చూర్ణములను గూర్చియు అందు కలదు. కనుక పండ్లకు పిండి వంటిదొకటి పూయుట పాశ్చాత్యులు నేర్పిన క్రొత్త విద్య కాదు.

చరక సంహిత దినమునకు రెండు పర్యాయములు పండ్లు తోమవలెననియు, బంగారు, వెండి, రాగి మొదలగు లోహములతో చేసిన బద్దతో నాలుక గీచుకొనవలెననియు చెప్పినది. ధర్మశాస్త్రకారులు పాడ్యమి, అమావాస్య మొదలగు కొన్ని తిథులలో పుల్లను నిషేధించి, ఆ దినములందు 12 మార్లు నీటితో పుక్కిలింపుమనిరి. పుల్ల లేని నాడును నోటి శుద్ధి మానరాదని దీని తాత్పర్యము.

ఈ ఆచారమును పరదేశీయులును గమనించిరి. క్రీ.శ. 671లో చైనా నుండి బయలుదేరి వచ్చి, నలందా విహారమున అనేక సంవత్సరములు చదివిన ఈచింగు అను బౌద్ధ భిక్షువు తన గ్రంథమున దంతకాష్ఠమునకు ఒక ప్రత్యేక ప్రకరణమునే వ్రాసెను. మన దేశపు పంటిపుల్ల చైనావారు తలచినట్లు విల్లో చెట్టు కొమ్మ కాదని కూడ అతడు తన దేశీయులకు తెలియజెప్పెను. ఒక చెట్టును మరియొక చెట్టుగా భ్రమించుట ఆనాడే కలదన్నమాట. అట్టి భ్రమ మనకును కలిగినది. దానిని ముందు చెప్పుదుము.

తెనుగు పల్లెలలో దీనికి పందుంపుల్ల అని పేరు. పలు, తోము, పుల్ల అను మాటలు కలిసి ఈ పదమైనది. వేప, కానుగ, తుమ్మ, ఉత్తరేణి ఎక్కువగా వాడుకలో నుండెను. పుల్ల దొరకనివారు కచ్చిక పొడియో, బొగ్గుపొడియో, ఉప్పో వ్రేలితో రుద్దుకొనెడివారు. పుల్లను నమలి తోమిన పిదప దానినే నిలువున చీల్చి నాలుక గీచుకొని పారవేసెడివారు.

1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బను రేవునకు చేరెను. 1911 వరకు ఇట్లు నేటాలుకు వచ్చినవారు లక్షా ఏబదిరెండు వేలకు పైబడిరి. వారిలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెనుగువారు అనేకులు కలరు. వారు తెచ్చుకొన్న మూటలు చిన్నవి. చెట్టును మూట కట్టుకొని రాలేరు గదా! అలవాటు మాత్రము వెంట వచ్చినది.

ఇచట వారి కంటబడిన చెట్టు సిరింగా. ఆకు వేపాకును పోలును, పూవు ఊదారంగు. మన భాషలో దీనికి తురకవేప అని పేరు. ఇది వేపకు దగ్గర చుట్టమే గాని వేప కాదు. దీని కాయలు విషము. పూజలో వేపాకునకు మారుగా దీని ఆకును వాడినవారు కలరు. మా తాతగారు కొంతకాలము దీని పుల్లతోనే పండ్లు తోముకొని, వేప యిచట రుచి మారినదని అనుకొనెడివారట. మా నాయనమ్మ మాత్రము పిల్లలను ఆ చెట్టు క్రిందికి పోనిచ్చెడిది కాదు. కాయ తినిన మేక చచ్చుట ఆమె చూచినది. పుస్తకము చదువకయే ఆమె నిజము గ్రహించినది. కనుక పాఠకులకు మా విన్నపము: సిరింగా పుల్లను నోట పెట్టవలదు.

ఇక బ్రష్షు సంగతి. కుచ్చు గల బ్రష్షు మొదట చైనాలో పుట్టినది. ఎముక లేక వెదురు పిడికి పంది వెంట్రుకలు గ్రుచ్చెడివారు. ఇంగ్లండులో 1780 ప్రాంతమున విలియము ఆడిస్ అనునతడు అట్టివానిని అమ్మకమునకు చేయసాగెను. చాలకాలము బ్రష్షనగా పంది వెంట్రుకలే. అర్చకత్వము చేయు మా ఇంట దీనిని ముట్టుటయే మహాపాతకముగా నెంచిరి. బడికి పోవు పిల్లలు బ్రష్షు అడుగగా మా తాతగారు బొగ్గుపొడి చేతికిచ్చెడివారు. బడిలో తోటిపిల్లలు నల్లని పెదవులను చూచి నవ్వెడివారు. ఆచారమునకు, అవమానమునకు నడుమ ఆ పిల్లలు నలిగిరి.

1938లో అమెరికాలో నైలాను కుచ్చుతో బ్రష్షు వెలువడినది. రసాయనశాలలో తయారైన ఆ దారము మా ఇంటి ధర్మసంకటమును తీర్చినది. ఇందులో జంతువుది ఏమియు లేదని తెలిసిన పిమ్మటనే మా తాతగారు దానిని ఇంటిలోనికి రానిచ్చిరి.

పేస్టు చరిత్రయు ఇట్టిదే. కోల్గేటు వారు 1873లో జాడీలలోను, 1896లో గొట్టములలోను దానిని అమ్మిరి. 1916లో స్థాపింపబడిన కలకత్తా కెమికల్ వారు వేపతో పేస్టు చేసిరి. 1952లో ఆరంభమైన విక్కో వారు వనమూలికలతో వజ్రదంతి తెచ్చిరి. 1950 తరువాతి దశకములో ఫ్లోరైడు కలిపిన పేస్టు అమెరికా విపణికి వచ్చినది. పంటి పైపొరను ఆమ్లమునకు తట్టుకొనునట్లు గట్టిపరచుట ఫ్లోరైడు గుణము. పుచ్చును నివారించుటలో దీని మేలు రుజువైనది.

ఇచట ఒక చేదు నిజము చెప్పవలసియున్నది. మన పూర్వులు ఎండలో వానలో నరికిన చెరకు నుండి వచ్చిన చక్కెరయే మన బిడ్డల పండ్లను తినుచున్నది. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లముగా మార్చగా ఆ ఆమ్లము పంటిని కరగించును. ఆలయములో మేము పంచు ప్రసాదమును తీపియే. ప్రసాదము మానుమని మేము అనము. స్వీకరించిన పిదప నీటితో పుక్కిలింపుడని మాత్రము అందుము. పెద్దలు చెప్పిన 12 పుక్కిళ్ళు ఇందుకును పనికివచ్చును.

కావున ఎన్నుకొనుటలో ఈ మాటలు జ్ఞాపకముంచుకొనుడు. బ్రష్షు మెత్తనిదై యుండవలెను. మూడు నెలలకొకసారి మార్చవలెను. పేస్టులో ఫ్లోరైడు ఉన్నదేమో చూడవలెను. పేరులో వేప, లవంగము ఉన్నంత మాత్రమున అది చాలదు. శాకాహార నియమము గలవారు గ్లిజరిను జంతువుల క్రొవ్వు నుండి తీసినదో, మొక్కల నుండి తీసినదో విచారింపవలెను. బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఉప్పు పంటి పైపొరను అరుగదీయును. కొన్ని పళ్ళపొడులలో పొగాకు కలుపుచుండగా భారత ప్రభుత్వము 1992లో దానిని నిషేధించినది. పాతదైన దెల్ల మంచిది కాదు, క్రొత్తదైన దెల్ల చెడ్డదియు కాదు.

నిజమైన వేపపుల్ల దొరకినవారు దానిని వాడుట సంప్రదాయమునకు అందమే. రాత్రి పేస్టుతో తోముకొనుట పంటికి రక్ష. మహాత్మా గాంధీ యెరవాడ చెరసాలలో తోమిన కొనను కోసివేసి అదే పుల్లను మరునాడును వాడవలెనని కోరెనట. చెట్టు కొమ్మనైనను వృథా చేయరాదని ఆయన భావము. మన నేటాలులో ఏండ్ల తరబడి నివసించిన ఆ మహనీయుని ఈ నియమము మన యిండ్లలో నిలుచుగాక.

ఆచారము చెట్టులో లేదు, బ్రష్షులో లేదు. ప్రతి ఉదయము శుద్ధమైన నోటితో భగవంతుని స్మరించుటలో నున్నది. దానిని మన బిడ్డలకు నవ్వుబాటు లేకుండ, నొప్పి లేకుండ అందించుట మన విధి.