నది పక్క గది

ఈసారి కార్తీక మాసంలో ఇంటిల్లిపాదీ థాయ్‌లాండ్ వెళ్ళొచ్చాం. థాయ్‌లాండ్ అనగానే మా టీంలో వాళ్ళు ఒక రకంగా నవ్వారు గానీ, మేం వెళ్ళింది పట్టాయా కాదండీ బాబూ! ఉత్తరాన కొండల మధ్య ఉండే చియాంగ్ మాయ్. నేను, మా ఆవిడ, నాలుగేళ్ళ మా పాప, అమ్మ, నాన్న.

పింగ్ నది ఒడ్డున ఒక రిసార్టులో దిగాం. పెద్ద పెద్ద వాన చెట్లు, పిల్లలకి లోతు లేని కొలను, ఉయ్యాల, పొద్దున్నే వేడి వేడి బియ్యం జావ. గది గుమ్మంలోంచి ముప్పై అడుగులేస్తే నది. ఆ ముప్పై అడుగుల కోసమే మామూలు గది కంటే రోజుకి కొంత ఎక్కువ కట్టాను. నాన్నకి సర్‌ప్రైజ్ అన్నమాట. ఆయన పుట్టి పెరిగింది గోదారి ఒడ్డున, భద్రాచలం దగ్గర పల్లెలో కదా, సంతోషిస్తారనుకున్నా.

ఆయన సామాను దించగానే చేసిన మొదటి పని గోడలు చూడటం.

"ఏరా, ఇక్కడ నీళ్ళు ఎందాకా వస్తాయి?"

"నాన్నా, ఇది రిసార్టు. నీళ్ళెందుకొస్తాయి?"

ఆయన నా మాట పట్టించుకోకుండా తోటమాలి దగ్గరికెళ్ళి చేతులతో సైగలు చేసి అడిగారు. ఆ పెద్దాయన నవ్వుతూ తీసుకెళ్ళి మెట్ల కింద గోడ మీద ఒక గీత చూపించాడు. నా ఛాతీ ఎత్తున ఉంది. పక్కన 2567 అని రాసి ఉంది. థాయ్ వాళ్ళది బుద్ధ శకం, మన లెక్కకి 543 కలపాలి. అంటే 2024. ఆ ఏడాది అక్టోబర్ మొదట్లో పింగ్ నది నవరత్ వంతెన దగ్గర 5.30 మీటర్లకి చేరింది. అక్కడ 3.7 మీటర్లు దాటితేనే ఊళ్ళోకి పొంగడం మొదలవుతుంది. రికార్డుల్లో అంత ఎత్తు అంతకు ముందెప్పుడూ లేదు.

నాన్న ఇంకేం మాట్లాడలేదు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టక ఈ నది కథేంటో చదవడం మొదలెట్టాను. చదివింది మర్నాడు కళ్ళతో చూశాను కూడా. అదే ఇప్పుడు మీకు చెప్పబోతున్నా.

చియాంగ్ మాయ్ అంటే "కొత్త నగరం" అని అర్థం. కొత్తది ఉందంటే పాతది ఒకటి ఉండాలి కదా. ఆ పాతదాని పేరు వియాంగ్ కుమ్ కామ్. ఇప్పటి ఊరికి ఆగ్నేయంగా ఓ అయిదు కిలోమీటర్లు.

13వ శతాబ్దంలో మంగ్‌రాయ్ అనే రాజు ఈ ఉత్తర దేశాన్ని ఒక్క తాటి మీదకి తెచ్చాడు. 1262లో చియాంగ్ రాయ్ కట్టాడు. తర్వాత దక్షిణానికొచ్చి హరిపుంచాయ్ అనే మోన్ రాజ్యాన్ని (ఇప్పటి లాంఫూన్) గెలిచాడు. ఇలా ఏర్పడిందే లన్నా రాజ్యం. లన్నా అంటే పది లక్షల పొలాలు అని అర్థం. అంత పెద్ద రాజ్యానికి రాజధాని కావాలి. పడవలకి నది కావాలి, పొలాలకి నీళ్ళు కావాలి, సంతకి దారి కావాలి. లెక్కలన్నీ వేసి సరిగ్గా పింగ్ ఒడ్డునే వియాంగ్ కుమ్ కామ్ కట్టాడు. చుట్టూ కందకం తవ్వించాడు, గుళ్ళు కట్టించాడు.

వానాకాలం వచ్చింది. ఊరు మునిగింది. మళ్ళీ ఏడు మళ్ళీ మునిగింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి ఈ పరిస్థితి బాగా తెలుసు. సిస్టం ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయింది, డబ్బు ఖర్చయిపోయింది, పై వాళ్ళకి డెమో ఇచ్చేశాం. అప్పుడు తెలిసింది, డిజైన్ తప్పని. ఏం చేస్తాం? ప్యాచ్ వేస్తాం. ఇంకో ప్యాచ్ వేస్తాం. మంగ్‌రాయ్ కూడా కట్ట ఇంకో రెండు మూరలు ఎత్తు చేయండి అని ఊరుకోవచ్చు. రాజు కదా, అడిగేదెవరు?

ఆయన అలా చేయలేదు. సుఖోథాయ్ రాజు రామ్‌ఖమ్‌హేంగ్‌నీ, ఫయావ్ రాజు ఙామ్ ముఆంగ్‌నీ పిలిచి స్థలం చూపించి సలహా అడిగాడని అక్కడి చరిత్ర కథలు చెప్తాయి. ఆ ముగ్గురి విగ్రహాలు ఇప్పటికీ ఊరి నడిమధ్య ఉన్నాయి. పడమట దోయ్ సుథేప్ కొండ, అక్కడి నుంచి తూర్పుకి మెల్లగా వాలే నేల, కొండ మీంచి దిగే వాగుల నీళ్ళు. నది కావాలి, కానీ గుమ్మంలో వద్దు. అందుకే కోటని పింగ్ నుంచి కిలోమీటరుకి పైగా వెనక్కి జరిపి కట్టాడు. అది 1296.

ఆ నిర్ణయానికి ఏడొందల ఏళ్ళ తర్వాత కూడా పరీక్ష జరిగింది. 2024 వరదలో నది పక్కనున్న నైట్ బజార్ వీధులు మునిగాయి. కందకం లోపలి పాత నగరం చాలావరకు తప్పించుకుంది.

మరి పాత ఊరు? రాజధాని పోయినా జనం పోలేదు. గుళ్ళు కట్టుకుంటూ అక్కడే ఉన్నారు. 1558లో చియాంగ్ మాయ్ బర్మా రాజుల చేతికి పోయింది. 1774 దాకా వాళ్ళ పాలనే. ఆ కాలంలోనే ఎప్పుడో పెద్ద వరదలొచ్చి వియాంగ్ కుమ్ కామ్‌ని ఒండ్రుతో కప్పేశాయి. నది కూడా దారి మార్చుకుంది. ఒకప్పుడు ఊరికి తూర్పున పారేది, ఇప్పుడు పడమట పారుతోంది. ఊరి పేరు కథల్లో మిగిలింది, ఊరు మట్టిలో మిగిలింది. 1984లో పురావస్తు శాఖ వాళ్ళు తవ్వితే గుళ్ళ పునాదులు బయటపడ్డాయి.

మర్నాడు గుర్రపు బండెక్కి అవన్నీ చూశాం. ఎక్కడ గుడి ఉన్నా కిందకి తొంగి చూడాలి. ఇప్పటి నేల పైన ఇళ్ళు, తోటలు. మధ్యలో గొయ్యి, గొయ్యి అడుగున గుడి మెట్లు. కొన్ని చోట్ల మనిషి ఎత్తు లోతు. పాప అడిగింది, "తాతా, గుడి ఎందుకు పడిపోయింది?" నాన్న చెప్పారు, "పడిపోలేదమ్మా. నేలే పైకొచ్చింది."

మరి ఇంత తెలిసిన జనం మళ్ళీ నది ఒడ్డుకి ఎందుకొచ్చారు? డబ్బు కోసం. 19వ శతాబ్దంలో టేకు కోసం ఇంగ్లీషు కంపెనీలు దిగాయి. ఏనుగులు దుంగల్ని వాగుల్లోకి లాగేవి, వాన నీటితో అవి పింగ్‌లోకి, అక్కడి నుంచి చావో ఫ్రాయా మీదుగా బ్యాంకాక్‌కి. కొన్ని దుంగలకి ఏళ్ళు పట్టేది. ఆ కంపెనీల్లో ఒకటి బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్. దానితో పేచీనే సాకుగా చూపించి ఇంగ్లీషు వాళ్ళు 1885లో బర్మా మీదకి యుద్ధానికెళ్ళారు. ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది. మన వాడియాల చేతిలో ఉంది, బ్రిటానియాలో పెద్ద వాటా దానిదే. మా పాప ఆ ఒడ్డున కూర్చుని తిన్నది గుడ్ డే బిస్కెట్ :)

1920ల మొదట్లో రైలొచ్చింది, పడవల పని తగ్గింది. 1964లో కింద తాక్ దగ్గర భూమిబోల్ ఆనకట్ట పూర్తయింది. 1988 చివర్లో దక్షిణాన వరదలకి కొండలు జారి జనం చచ్చిపోతే, 1989లో థాయ్‌లాండ్ అడవుల్లో కలప కొట్టడమే నిషేధించింది. కంపెనీల వాళ్ళు వెళ్ళిపోయాక తూర్పు ఒడ్డున వాళ్ళ బంగళాలు కొన్ని హోటళ్ళయ్యాయి. తర్వాత మనలాంటి వాళ్ళం వచ్చాం, వ్యూ కోసం.

మంగ్‌రాయ్ గొప్పతనం ఊరు కట్టడంలో లేదు, అది ఏ రాజైనా కడతాడు. కట్టిన ఊరిని తప్పని ఒప్పుకుని వదిలేయడంలో ఉందని నాకనిపిస్తుంది. అన్నట్టు ఆ రాజు చివరికి కొత్త నగరంలోనే పిడుగు పడి పోయాడట. నీళ్ళ నుంచి తప్పించుకున్నా ఆకాశం వదల్లేదు, పాపం.

ఆ రాత్రి నాన్న తన కథ చెప్పారు, నాకు మొదటిసారి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకొచ్చింది. నాన్నకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నీళ్ళు తీశాక తాతయ్య పాత ఇల్లు బాగు చేయించలేదు. మెరక మీద రెండు గదులు వేసుకున్నాడు. "వరద రోజూ వస్తుందా" అని ఊరంతా నవ్వారట. 2022 జులైలో గోదారి మళ్ళీ 71 అడుగులు దాటినప్పుడు ఆ రెండు గదుల్లో అయిదు కుటుంబాలు తలదాచుకున్నాయి.

పున్నమి రోజు లాయ్ క్రథోంగ్. మన కార్తీక పౌర్ణమే. అరటి బోదె ముక్క మీద ఆకులు, పూలు, వత్తి పెట్టి నీళ్ళలో వదులుతారు, మనం అరటి దొప్పలో వదిలినట్టే. థాయ్‌లో నదిని "మే నామ్" అంటారు, అంటే నీళ్ళమ్మ. ఆ రోజు వాళ్ళు దణ్ణం పెట్టేది "మే ఖోంగ్‌ఖా"కి. ఖోంగ్‌ఖా అంటే మన గంగే. ఏడాదంతా నిన్ను వాడుకున్నాం, మురికి చేశాం, క్షమించు తల్లీ అని అడుగుతారు. అమ్మ దీపం వదిలింది, పాప వదిలింది. నాన్న చాలాసేపు చేతులు జోడించే ఉన్నారు. ఆయనకి నదంటే భయం లేదండీ, గౌరవం. రెంటికీ తేడా నాకక్కడే తెలిసింది.

హైదరాబాద్‌లో ఒక "లేక్ వ్యూ" ఫ్లాటుకి వచ్చే నెల అడ్వాన్స్ కట్టాలి. బ్రోచర్లో చెరువు భలే ఉంది. నాన్న దాని గురించి ఇప్పటిదాకా ఒక్క మాటా అనలేదు. పోయిన శనివారం నేనే సైట్‌కెళ్ళి అక్కడి అబ్బాయిని అడిగా, "ఇక్కడ నీళ్ళు ఎందాకా వస్తాయి?" అని.

"సార్, ఇది గేటెడ్ కమ్యూనిటీ. నీళ్ళెందుకొస్తాయి?" అన్నాడు.

అడ్వాన్స్ ఇంకా కట్టలేదు. ఈ ఆదివారం ఆ చెరువు కట్ట కింద పాత బస్తీలో ఎవరైనా పెద్దాయన్ని వెతికి పట్టుకుని, గోడ మీద గీతలేమైనా ఉన్నాయేమో అడగాలి. నాన్నని కూడా తీసుకెళ్తాను.