వాగ్గేయకారుల చరిత్రకారుడు రజనీకాంతరావు

దాచేపల్లి: పాట విలువ పల్నాటి వారికి కొత్త కాదు. దాచేపల్లి నుంచి గురజాల మీదుగా వెళితే వచ్చే కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరారాధనోత్సవాలు జరుగుతాయి. పల్నాటి వీరగాథను పుస్తకం తెరవకుండానే పాడి వినిపించే సంప్రదాయం ఈ సీమది. అయితే నోటి పాటకు ఒక ప్రమాదం ఉంది. పాడేవారు లేకపోతే మాట కాగితంపై మిగిలినా బాణీ మిగలదు. తెలుగు పాటకు ఉన్న ఈ ప్రమాదాన్ని గుర్తించి, పాటలు కట్టడంతోపాటు పాట కట్టినవారి చరిత్రను కూడా రాసిన విద్వాంసుడు బాలాంత్రపు రజనీకాంతరావు. ‘రజని’గా ఆయన తెలుగువారికి సుపరిచితులు.

కవి కుటుంబం

రజనీకాంతరావు 1920 జనవరి 29న నిడదవోలులో జన్మించారు. తండ్రి బాలాంత్రపు వెంకటరావు, ఓలేటి పార్వతీశంతో కలిసి వేంకట పార్వతీశ కవులుగా ప్రసిద్ధి పొందిన జంటకవులలో ఒకరు. రజని బాల్యం పిఠాపురంలో సాహిత్య, సంగీత వాతావరణంలో గడిచింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పింగళి లక్ష్మీకాంతం వంటి ఆచార్యుల వద్ద తెలుగు సాహిత్యం అభ్యసించి ఎం.ఏ. పట్టా పొందారు.

ఆకాశవాణిలో

1941లో మద్రాసు రేడియో కేంద్రంలో చేరారు. శాస్త్రీయ సంగీతంలో రాగ విస్తారానికి ప్రాధాన్యం ఉంటుంది. రేడియో కోసం రూపొందిన లలిత సంగీతంలో సాహిత్యభావమే ముఖ్యం. కొద్ది నిమిషాల్లో పాట ముగియాలి, ఒక్కసారి వినగానే మాట అర్థం కావాలి. పదం విరగకుండా, భావం చెదరకుండా బాణీ కట్టాలంటే సాహిత్యం, సంగీతం రెండూ తెలిసి ఉండాలి. రజనికి ఆ రెండూ స్వాధీనమయ్యాయి. టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘శతపత్ర సుందరి’ ఆయనకు కీర్తి తెచ్చింది. 1947లో స్వాతంత్ర్యోదయ వేళ ఆయన రచించి స్వరపరచిన ‘మాదీ స్వతంత్ర దేశం’ కూడా సూర్యకుమారి కంఠంలోనే తెలుగునాట మారుమోగింది.

చలనచిత్రాలకూ ఆయన పాటలు అందించారు. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’ చిత్రంలో భానుమతి పాడిన ‘ఓహో పావురమా’ ఆయన రచనే. ప్రభుత్వోద్యోగి అయినందున సోదరుడు నళినీకాంతరావు పేరును వాడుకోవలసి వచ్చింది. పాట ఇంటింటా వినిపించినా, అసలు కర్త పేరు చాలామందికి ఆలస్యంగానే తెలిసింది.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. పల్నాడు పల్లెలకు కూడా ఆ కేంద్రం ప్రసారాలు అందాయి. తెల్లవారుజామున వినిపించే ‘భక్తిరంజని’ రూపకల్పనలో రజనికి, మంగళంపల్లి బాలమురళీకృష్ణకు ప్రధాన పాత్ర ఉంది. సంగీత సభలకు వెళ్లే వీలులేని రైతు కుటుంబాలకు తత్వాలు, కీర్తనలు, స్తోత్రాలు ఆ కార్యక్రమం ద్వారా చేరువయ్యాయి. 1970వ దశకంలో రజని విజయవాడ కేంద్రం డైరెక్టర్‌గా ఉన్న కాలంలోనే ఉషశ్రీ ‘ధర్మసందేహాలు’ కార్యక్రమం విశేష ఆదరణ పొందింది. అహమ్మదాబాదు, బెంగళూరు తదితర కేంద్రాల్లోనూ పనిచేసిన రజని 1978లో పదవీ విరమణ చేశారు.

ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము

వాక్కును, గేయాన్ని రెంటినీ తానే సృష్టించేవాడు వాగ్గేయకారుడు. తెలుగు కవుల చరిత్రలు అప్పటికే ఉన్నా, తెలుగు పాటను ఆధారంగా చేసుకొన్న సమగ్ర చరిత్ర లోటుగానే ఉండేది. ఆ లోటును 1958లో వెలువడిన రజని గ్రంథం ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ తీర్చింది. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగరాజు ఇందులో ఒకే వరుసలో కనిపిస్తారు. ఈ గ్రంథానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఈ కృషి అవసరం ఎంతటిదో అన్నమయ్య ఉదంతమే చెబుతుంది. ఆయన సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై భద్రంగా దొరికాయి. రాగాల పేర్లూ దొరికాయి. స్వరలిపి లేనందున బాణీలు మాత్రం చాలావరకు దొరకలేదు. ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు వాటిని కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. పాటను కట్టడం ఎంత ముఖ్యమో, దానిని నమోదు చేయడం అంతే ముఖ్యమని దీనివల్ల తెలుస్తుంది.

ఇతర రచనలు

పిల్లల కోసం ‘జేజిమామయ్య పాటలు’, శ్రవ్య నాటికల సంపుటి ‘విశ్వవీణ’, గేయ సంపుటి ‘శతపత్ర సుందరి’ ఆయన రచనల్లో ముఖ్యమైనవి. క్షేత్రయ్య పదాలపైనా కృషి చేశారు. ఉద్యోగ విరమణ అనంతరం తిరుపతిలోని వేంకటేశ్వర కళాపీఠం బాధ్యతలు నిర్వహించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 2018 ఏప్రిల్ 22న విజయవాడలో, 98 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

పల్నాటికి అందే పాఠం

రజని పుట్టింది గోదావరి తీరంలోనైనా ఆయన జీవితం పల్నాటికి చెప్పేది ఉంది. ఇక్కడి వీరగాథల గాయకులు, కోలాట బృందాలు, నాట్ల పాటలు పాడే మహిళలు ఇప్పటికీ నోటి బాణీలనే నమ్ముకొన్నారు. పెద్దవారు పాడుతుండగానే వారి పాటలను రికార్డు చేసి, పాడినవారి పేరు, ఊరు, పాట సందర్భం రాసి ఉంచడం పాఠశాల విద్యార్థులు సైతం చేయగల పని. గాయకునితోపాటే పోయిన బాణీని మళ్లీ సంపాదించుకోవడం మాత్రం ఎంతటి విద్వాంసునికీ సాధ్యం కాదు.