సముద్రము దాటిన న్యాయవిద్య

పావగడ తాలూకాకు మూడు వైపుల తెలుగుదేశమే. క్యాతగానచెర్లు మొదలైన గ్రామములలోని తెలుగు కుటుంబములకు చుట్టరికములు సరిహద్దునకు ఈవలను కలవు, ఆవలను కలవు. అయినను న్యాయస్థానములు మాత్రము రెండు వైపులవారికి ఒకటి కాలేదు. మైసూరు సంస్థానమున 1884లో చీఫ్ కోర్టు ఏర్పడినది. 1930లో అదియే హైకోర్టను పేరు దాల్చినది. పొరుగుననున్న మడకశిర మద్రాసు హైకోర్టు క్రిందనుండి, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టు క్రిందికి వచ్చినది. పొలము గట్టు దాటినంతనే పై కోర్టు మారెడి ఈ సీమవారికి 'పరదేశపు వకీలు' అనుమాట ఓడ నెక్కకమునుపే అర్థమగును. అటుగాక, 1948లో బెంగుళూరున లా కళాశాల నెలకొనువరకు సంస్థానపు విద్యార్థి న్యాయశాస్త్రము చదువుటకు మద్రాసో, బొంబాయో, పూనాయో పోవలసినవాడే. మనవారికి న్యాయవిద్య మొదటినుండియు ప్రయాణముతో కూడిన విద్య.

నేడు ఆ ప్రయాణము మరింత దూరము సాగినది. ఇచట ఎల్.ఎల్.బి. ముగించి, సనదు పొంది, పిమ్మట లండనుకో న్యూయార్కుకో ఎల్.ఎల్.ఎం. చదువ వెళ్ళు యువకులును యువతులును తెలుగు కుటుంబములలో అరుదు కారు. భూమి తాకట్టుపెట్టియైనను పంపుదుమను తల్లిదండ్రులును కలరు. ఏ దేశమునకు, ఏ విశ్వవిద్యాలయమునకు, ఏ ప్రయోజనమునకై పంపవలెనను ప్రశ్నకు మన పెద్దల చరిత్రలో కొంత సమాధానము కలదు. అందులకే ఈ వ్యాసము.

తొలుత చెప్పదగినవారు టంగుటూరి ప్రకాశము పంతులుగారు. వారు 1872లో జన్మించిరి. పసితనముననే తండ్రి గతించగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పెంచిరి. ప్రకాశముగారు సెకండు గ్రేడు ప్లీడరై రాజమహేంద్రవరమున గొప్ప ప్రాక్టీసు సంపాదించిరి. ఆ పురపాలక సంఘమునకు అధ్యక్షులును అయిరి. సంపాదనకు లోటులేదు, పేరునకు లోటులేదు. లోటు ఒక్కటే: రెండవ తరగతి ప్లీడరునకు హైకోర్టులో నిలిచి వాదించు అధికారము లేదు. క్రింది కోర్టున తాను గెలిపించిన వ్యాజ్యమును పై కోర్టున మరియొకరి చేతిలో పెట్టవలసినదే. వారి సామర్థ్యమును గమనించిన ఒక బారిష్టరు, నీవును బారిష్టరువు కారాదా యని సలహా చెప్పెనట. 1904లో వారు ఇంగ్లండు పయనమైరి. సముద్రయానము పాపమని శిష్టులు తలచెడి కాలమది. మద్యమాంసములు ముట్టననియు, పొగ త్రాగననియు తల్లికి మాట యిచ్చి కదలిరి.

ఆనాడు బారిష్టరు కాగోరువాడు లండనులోని నాలుగు 'ఇన్'లలో ఒకదానిలో చేరవలెను. పరీక్షలలో తేరుటయొక్కటియే చాలదు; నియమిత సంఖ్యలో ఆ సంఘపు విందులకు హాజరై 'టరములు' పూర్తిచేయవలెను. వృత్తిలోనివారి సాంగత్యము విద్యలో భాగమని వారి సంప్రదాయము. ప్రకాశముగారు చదువుతోపాటు అచటి భారతీయుల సంఘములలో పాల్గొనిరి. దాదాభాయి నౌరోజీగారి ఎన్నికకై పనిచేసిరి. 1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టున ప్రవేశించి, అనతికాలముననే పేరుగాంచిన బారిష్టరులైరి. 'లా టైమ్సు' అను న్యాయపత్రికను నడపిరి. 1921లో ఆ వృత్తిని విడిచి 'స్వరాజ్య' పత్రికను స్థాపించుట, 1953లో ఆంధ్రరాష్ట్రపు ప్రథమ ముఖ్యమంత్రులగుట అందరెరిగినవే.

ఇచట మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. వారు లండను పేరును చూచి లండను పోలేదు. తమయెదుట మూయబడియున్న తలుపు ఏదియో, దానిని తెరచు తాళపుచెవి ఎచట దొరకునో ఎరిగి పోయిరి. అప్పటికి వారు విద్యార్థి కారు. పదేండ్లుగా కోర్టు నెరిగిన ప్లీడరు.

రెండవవారు వరాహగిరి వెంకటగిరిగారు. వారి చరిత్ర మనవంటివారికి మరింత సన్నిహితము. వారు 1894లో గంజాము జిల్లా బరంపురమున తెలుగు కుటుంబమున పుట్టిరి. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది. 1936లో ఆ పట్టణము ఒరిస్సా రాష్ట్రమున చేరినది. అచటి తెలుగువారు మనవలెనే పొరుగు రాష్ట్రపు ప్రజలైరి. గిరిగారు 1913లో పయనమైనది లండనునకు కాదు, ఐర్లండులోని డబ్లినునకు. 1909లో లండనున కర్జన్ వైలీ హత్య జరిగిన పిమ్మట అచటి భారతీయ విద్యార్థులపై అనుమానమును, నిఘాయును హెచ్చెను. డబ్లినులో కింగ్స్ ఇన్స్ అను సంస్థద్వారా బారిష్టరు కావచ్చును. అందులకై యూనివర్సిటీ కాలేజీలో ఒక సంవత్సరము పాఠములు వినవలెను. 1914–15లో ఆ పాఠములు విన్న తొలి భారతీయ బృందమున పదముగ్గురు విద్యార్థులుండిరి, వారిలో గిరిగారొకరు.

1916 ఏప్రిలులో డబ్లినున ఐరిషువారి తిరుగుబాటు చెలరేగినది. గిరిగారిపై ప్రభుత్వమునకు అనుమానము కలిగి, జూలై 1వ తేదీలోపల దేశము విడువవలసినదని ఉత్తరువు వచ్చినది. దానికి పది దినములు ముందుగా, జూన్ 21న, వారు బారిష్టరు పట్టము నందుకొనిరి. స్వదేశమునకు వచ్చి మద్రాసు హైకోర్టున నమోదై, రైల్వే కార్మికుల నాయకులై, 1969లో రాష్ట్రపతులైరి. గిరిగారు డబ్లినునుండి తెచ్చినది పట్టమొక్కటి కాదు. పరపాలనలోని మరియొక జాతి తన హక్కులకై పోరాడుటను కన్నులార చూచి వచ్చిరి. చదివెడి ఊరుకూడ ఒక గురువే.

ఆ తరము గడచినది. 1961 నాటి న్యాయవాదుల చట్టము వకీలు, ప్లీడరు, బారిష్టరు అను తారతమ్యములను తీసివేసి, అందరిని 'అడ్వకేటు' అను ఒక్క వర్గముగా చేసినది. 1976 డిసెంబరు 31 తరువాత పిలువబడిన బారిష్టరునకు ఆ పట్టము బలముననే ఇచట నమోదగు హక్కు లేకుండపోయినది. ఒక తరమువారిని అందలమెక్కించిన బిరుదు మరియొక తరమునకు గోడమీది పటమైనది. విదేశ పట్టపు విలువ విశ్వవిద్యాలయపు గోపురములలో లేదు; దానిని అంగీకరించు కోర్టు నిబంధనలో కలదు. నిబంధన మారిన విలువయు మారును.

ఈ సూత్రమును నేటి ఎల్.ఎల్.ఎం.కు అన్వయించి చూతము. ఇంగ్లండున ఎల్.ఎల్.ఎం. పట్టమొక్కటే వృత్తిహక్కు నీయదు. సొలిసిటరు కాగోరువారికి 2021నుండి వేరొక అర్హతపరీక్ష ఏర్పడినది. అమెరికాలో దేశమంతటికి ఒకే నిబంధన లేదు; ఏ రాష్ట్రపు బారు ఆ రాష్ట్రముదే. కాలిఫోర్నియాలో స్వదేశమున సనదు పొందిన న్యాయవాది మరియొక పట్టము లేకయే పరీక్షకు కూర్చొనవచ్చును. ఇతర రాష్ట్రములలో నియమములు వేరు. న్యూయార్కున అభ్యర్థి చదివిన చదువును కొలిచి నిర్ణయింతురు. ఇక మనదేశమున వాదించుటకు ఎల్.ఎల్.ఎం. అవసరమే లేదు. అధ్యాపకత్వము గోరువారు మాత్రము ఒక్క సంవత్సరపు విదేశ పట్టమునకు ఇచట గుర్తింపు ఏ మేరకు కలదో ముందే విచారించుకొనవలెను.

కాబట్టి విశ్వవిద్యాలయముల జాబితాను తెరచుటకు ముందు ఇంటిలోనే మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. ఎచట వృత్తి చేయుదువు? ఏ విషయమున ప్రావీణ్యము గోరుదువు? అప్పు తీరు మార్గమేది? రెండవ ప్రశ్నకు సమాధానము దొరికిన విశ్వవిద్యాలయము దానంతట అదియే తేలును. అంతర్జాతీయ మధ్యవర్తిత్వమునకు లండనులోని క్వీన్ మేరీ, పన్నుల చట్టమునకు న్యూయార్కు విశ్వవిద్యాలయము ప్రసిద్ధములు. మూడవ ప్రశ్నకు వేతనములు కొంత తోడ్పడును. బ్రిటిషు ప్రభుత్వపు చీవెనింగ్ వేతనమునకు రెండేండ్ల పని అనుభవము కావలెను. చదువు ముగించి స్వదేశమునకు వచ్చి రెండేండ్లు ఉండవలెను. అనుభవము మీద పోయినవానికే ఆ చదువు ఫలించునని ప్రకాశముగారి జీవితమును చెప్పుచున్నది.

మన గ్రామములకు ఇది దూరపు ముచ్చట యని కొందరు తలంపవచ్చును. అట్లు కాదు. తిరుమణి, బళసముద్రము, వళ్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరముల భూమి నేడు 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రముక్రింద కలదు. భూమి అమ్ముడుపోలేదు, రైతులు దానిని దీర్ఘకాలపు కౌలుకు ఇచ్చిరి. వాన నమ్ముకొని వేరుసెనగ విత్తిన చేతులే కౌలు పత్రములపై సంతకములు చేసినవి. ఆ రైతు ఇంటిలో మాటలాడునది తెలుగు. తాలూకా కచేరీలో నడచునది కన్నడము. వివాదము హైకోర్టు చేరిన, రాజ్యాంగపు 348వ అధికరణము ననుసరించి అచటి భాష ఆంగ్లము. ఒక్క షరతు భావము తెలియవలెనన్న మూడు భాషలు దాటవలెను. గడువు తీరినపుడు భూమి ఎట్టి స్థితిలో తిరిగి చేతికి వచ్చును, కౌలు హక్కు వారసులలో ఎవరికి చెందును, తగవు వచ్చిన తీర్పరి ఎవరు అను ప్రశ్నలు రేపటి తరమువి.

అట్టి ఒప్పందములను వ్రాయుటయు, విప్పి చెప్పుటయు విదేశములలో శాస్త్రముగా నేర్పుచున్నారు. మన బిడ్డలలో ఒకరైనను దానిని నేర్చి రావలెను. కాని ఆ నేర్పు పల్లెకు చేరవలెనన్న, తెలుగున మాటలాడగల నోరును, కన్నడమున కాగితము చదువగల కన్నును వారికి ముందే ఉండవలెను. ఆ రెండింటిని ఏ విదేశ విశ్వవిద్యాలయమును ఈయజాలదు. అవి ఇంటిలోను, ఊరిబడిలోను దొరకునవి. పిల్లలను సముద్రము దాటింప దలచిన తల్లిదండ్రులు డబ్బు కూడబెట్టుటకు ముందే ఈ రెండింటిని కూడబెట్టుదురుగాక.